ప్రభుత్వాసుపత్రికి మార్కులు వేసేదెవరు?

2024 నవంబరు 9 నుండి 11 వరకు మూడు రోజులలో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో 34 మంది గర్భిణులకు సిజేరియన్ శస్త్రచికిత్స జరిగింది. వారిలో ఏడుగురి పరిస్థితి విషమించింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొందరికి ఇతర అవయవాలు కూడ పనిచేయడం మానివేశాయి. నవంబరు ముగిసేలోగా నలుగురు బాలింతలు మరణించారు. డిసెంబరు 5న ఐదవ తల్లి కన్నుమూసింది. ప్రభుత్వం పంపిన నిపుణుల అనుమానం రక్తనాళం ద్వారా ఎక్కించే ద్రవంమీదికి, అనగా పల్లెలలో అందరూ గ్లూకోజు సీసా అని పిలుచుకొనే వాటిలో ఒకటైన రింగర్ లాక్టేట్ మీదికి మళ్ళింది. దానిని తయారుచేసిన పశ్చిమ్ బంగ ఫార్మాస్యూటికల్స్ అనే కంపెనీని కర్ణాటక ప్రభుత్వం నిషేధిత జాబితాలో చేర్చింది. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారిని సస్పెండు చేసింది. 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని మిద్నాపూర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒక బాలింత మరణించినప్పుడు కూడ అదే కంపెనీ ద్రవం పేరు వినబడింది.

సిరుగుప్ప, కురుగోడు, కంప్లి పల్లెల గర్భిణులకే కాదు, రాష్ట్రం దాటి ఆంధ్రలో ఉన్న ఆలూరు, రాయదుర్గం ప్రాంతాల కుటుంబాలకు కూడ కష్టకాన్పు అనగానే గుర్తుకు వచ్చే ఊరు బళ్ళారి. అందువలన ఆ వార్త సరిహద్దుకు రెండు వైపులా ఇంటింటా కలవరం కలిగించింది. మరి ప్రభుత్వాసుపత్రి మంచిదో కాదో తెలుసుకొనేది ఎట్లా? దానిని ఎవరైనా పరీక్షిస్తున్నారా? పదవ తరగతి పిల్లవానికి మార్కులు వేసినట్లు ఆసుపత్రికి మార్కులు వేసే పద్ధతి ఏదైనా ఉన్నదా?

ఉన్నది. పదేళ్ళకు పైగా ఉన్నది. అయితే అది ఎవరికోసం ఏర్పడినదో ఆ పల్లె కుటుంబాలకు దానిని గురించి చెప్పినవారు తక్కువ.

లైసెన్సు వేరు, గుర్తింపు వేరు

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. ఆసుపత్రి నడపడానికి చట్టప్రకారం కావలసిన అనుమతులు కొన్ని ఉంటాయి. అవి లేకపోతే తప్పు, శిక్ష. నాణ్యతా గుర్తింపు అటువంటిది కాదు. ఒక సంస్థ తనంతట తాను ముందుకు వచ్చి, "మా పని తీరును బయటివారు వచ్చి చూడండి, ముందే ప్రకటించిన ప్రమాణాలతో పోల్చి మార్కులు వేయండి" అని అడగడమే గుర్తింపు. రాకపోతే జరిమానా లేదు. వచ్చి తప్పిపోతే ఆసుపత్రి మూతపడదు. లోపాల జాబితా చేతికి వస్తుంది. సరిచేసుకొని మళ్ళీ రావచ్చును. స్వచ్ఛందం అనే మాటకు అర్థమిదే.

ఈ ఆలోచన పుట్టింది అమెరికాలో, ఒక మొండి వైద్యుని తలలో. బోస్టన్ నగరంలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. శస్త్రచికిత్స చేసి పంపివేయడంతో పని తీరలేదని, ఏడాది తరువాత ఆ రోగి ఎట్లా ఉన్నాడో కనుక్కొని వ్రాసిపెట్టాలని, బాగుపడకపోతే కారణం ఏమిటో దాచకుండా చెప్పాలని ఆయన వాదం. తాను పనిచేసే ప్రసిద్ధ ఆసుపత్రి అందుకు ఒప్పుకోకపోగా 1914లో రాజీనామా చేశాడు. సొంతంగా నడిపిన చిన్న ఆసుపత్రిలో 1911 నుండి 1916 వరకు చికిత్స పొందిన 337 మంది లెక్క తీసి, వారి విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చువేసి పంచాడు. ఈనాటికీ అంత ధైర్యం చేసే ఆసుపత్రిని వెదకి పట్టుకోవలసిందే. 1915లో ఒక సభలో తోటి వైద్యులను వెక్కిరిస్తూ పెద్ద వ్యంగ్యచిత్రం ప్రదర్శించి ఊరందరి కోపానికి గురయ్యాడు కూడ.

ఆయన మాట మాత్రం వృథా పోలేదు. అమెరికా శస్త్రవైద్యుల కళాశాల 1917లో కనీస ప్రమాణాలను ఒక్క పుటలో వ్రాసి, నూరు పడకలు దాటిన 692 ఆసుపత్రులను పరీక్షించింది. నిలిచినవి 89 మాత్రమే. తప్పినవాటిలో పేరుమోసిన పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. ఆ జాబితా పత్రికలకు చిక్కితే పరువు పోతుందని 1919లో న్యూయార్కులోని ఒక హోటలు కొలిమిలో దానిని తగులబెట్టారు. కాగితం కాలిపోయినా పరీక్ష ఆగలేదు; ఏటేటా నిలిచే ఆసుపత్రుల సంఖ్య పెరిగింది. 1951లో ఈ పనికోసమే అక్కడ ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

మన దేశపు ప్రశ్నపత్రం

భారత ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ 2013లో జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలను విడుదల చేసింది. అధికారులు, నర్సులు దీనిని ఎన్‌క్వాస్ అంటారు. మొదట జిల్లా ఆసుపత్రులకు, తరువాత సాముదాయిక ఆరోగ్య కేంద్రాలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, చివరకు ఊరి ఉపకేంద్రాలకు కూడ వేర్వేరు ప్రశ్నపత్రాలు తయారయ్యాయి. ఉపకేంద్రాలను వీడియో ద్వారా దూరంనుండే పరీక్షించే ఏర్పాటు 2024 జూన్ 28న మొదలైంది.

ప్రశ్నపత్రంలో ఎనిమిది భాగాలు. ఏయే సేవలు అందుతున్నవి, రోగి హక్కులు, మనుషులు మందులు పరికరాలు, నీరు కరెంటు బట్టలు భోజనం వంటి అండదండలు, వైద్యం జరిగే తీరు, అంటురోగాల నివారణ, నాణ్యతను తామే చూసుకొనే పద్ధతి, చివరకు ఫలితాలు. ప్రతి అంశానికీ 0, 1, 2 అనే మూడు మార్కులలో ఒకటి పడుతుంది. పూర్తిగా ఉంటే 2, సగం ఉంటే 1, లేకపోతే 0. మొత్తంమీద 70 శాతం రావాలి. అదీ చాలదు. రోగి హక్కులు, అంటురోగాల నివారణ వంటి ఒక్కొక్క భాగంలోనూ, ఒక్కొక్క విభాగంలోనూ కనీసపు మార్కు దాటాలి. అందువలన బయట పూలతోట బాగుండి లోపల కాన్పుగది అధ్వాన్నంగా ఉన్న ఆసుపత్రి గట్టెక్కదు. పత్రం విలువ మూడేళ్ళు. ఆ తరువాత మళ్ళీ పరీక్ష.

పరీక్షకులు నాలుగు విధాలుగా చూస్తారు. కంటితో చూస్తారు. సిబ్బందిని అడుగుతారు. రిజిస్టర్లు తిరగవేస్తారు. నాలుగవది పల్లె కుటుంబాలు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది: రోగిని, రోగితో ఉన్నవారిని అడుగుతారు. "మందులు బయట కొనుక్కొని రమ్మన్నారా? కాన్పుకు డబ్బు అడిగారా? తెర కట్టి పరీక్షించారా? ఏమి మందు ఇస్తున్నారో చెప్పారా?" అనే ప్రశ్నలకు పడక మీద ఉన్న తల్లి చెప్పే సమాధానానికి కూడ మార్కు ఉన్నది.

కాన్పుగది తలుపు తీస్తే

ఈ ప్రమాణాలు కాగితం మీద పొడిగా కనబడతాయి. కాన్పుగదిలో నిలబడి చూస్తేనే వాటి ప్రాణం తెలుస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం లక్ష్య అనే పేరుతో కాన్పుగదులకు, ప్రసూతి శస్త్రచికిత్స గదులకు ప్రత్యేక పరీక్ష పెట్టింది. 70 శాతం దాటితే వెండి, 80 దాటితే బంగారం, 90 దాటితే ప్లాటినం బిళ్ళ. బిళ్ళ సంగతి అటుంచి, అడిగే ప్రశ్నలు చూడదగినవి.

చేతులు కడుక్కొనే చోట మోచేతితో తిప్పే కుళాయి ఉన్నదా? సబ్బు ఉన్నదా? నీరు నిరంతరం వస్తున్నదా? ఇది చిన్న విషయం అనుకొనేవారికి వియన్నా నగరం కథ చెప్పాలి. అక్కడి ప్రసూతి ఆసుపత్రి ఒకటవ విభాగంలో 1846లో నూటికి 11 మందికి పైగా బాలింతలు జ్వరంతో చనిపోయారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు 1847 మే నెలలో, కాన్పుకు ముందు వైద్యులు, విద్యార్థులు క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. 1848లో చావులు నూటికి ఒకటికి కాస్త పైకి దిగివచ్చాయి. కొత్త మందు లేదు, కొత్త భవనం లేదు. అయినా పెద్ద వైద్యులు "మా చేతులు మురికివా?" అని అతని మీద మండిపడ్డారు. క్రిములనేవి ఉన్నాయని లోకానికి ఇంకా తెలియని రోజులవి. అతనికి తెలిసినది లెక్క ఒక్కటే. ఏ విభాగంలో ఎందరు, ఏ నెలలో ఎందరు అని వ్రాసిపెట్టిన రిజిస్టరే అతని ఆయుధం.

కాన్పు అయిన వెంటనే రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ సూదిమందు ఇస్తారు. బిడ్డ పుట్టిన నిమిషంలోపల 10 యూనిట్లు పడాలి. ఈ మందును 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉంచాలి. వేసవిలో మన సీమలో ఎండ ఎంతో చెప్పనక్కరలేదు. కరెంటు పోయి ఫ్రిజ్ రోజంతా ఆగిపోతే మందు సీసాలోనే ఉంటుంది, రంగూ మారదు, బలం మాత్రం తగ్గిపోతుంది. నర్సమ్మ సూది వేసింది, రికార్డులో వ్రాసింది, తల్లికి రక్తం ఆగలేదు. తప్పెవరిది? అందుకే ప్రశ్నపత్రం ఫ్రిజ్ ఉన్నదా అని అడిగి ఊరుకోదు. రోజుకు రెండు పూటలా ఉష్ణోగ్రత వ్రాసిన పట్టిక చూపమంటుంది. కరెంటు పోతే ఏమి చేస్తారో చెప్పమంటుంది. జనరేటరులో డీజిలు ఉన్నదా, చివరిసారి ఎప్పుడు నడిపి చూశారని అడుగుతుంది. 2022 సెప్టెంబరులో, జనం నోట విమ్స్‌గానే నిలిచిన బళ్ళారి పెద్దాసుపత్రిలో కరెంటు నిలిచిన రోజున ఐ.సి.యు.లోని రోగులు మరణించిన విషయం శాసనసభ వరకు వెళ్ళింది. కరెంటు వలననేనని బంధువులు, కాదని ప్రభుత్వం వాదించుకొన్నారు. అటువంటి వాదం తేలాలన్నా కావలసినది ఏ నిమిషంలో ఏ యంత్రం ఆగింది, ఏ నిమిషంలో మళ్ళీ నడిచింది అని వ్రాసిన చిట్టాయే.

ఇక చెత్త బుట్టలు. 2016 నియమాల ప్రకారం రక్తం తగిలిన దూది, మాయ వంటివి పసుపు సంచిలో. గ్లూకోజు గొట్టాలు, ప్లాస్టిక్ సీసాలు, సూది లేని సిరంజీలు ఎర్ర సంచిలో. గాజు సీసాలు నీలి పెట్టెలో. సూదులు, బ్లేడులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. ఏ సరిహద్దు పల్లె పెద్దకైనా ఆసుపత్రిలో అడుగుపెట్టిన క్షణంలో తెలిసిపోయే విషయం ఇది. నాలుగు రంగులూ కలిసి ఒకే బుట్టలో ఉంటే గోడమీద ఏ పత్రం ఉన్నా లెక్కలోకి రాదు. 2015 మే నెలలో మొదలైన కాయకల్ప బహుమతులు ఈ శుభ్రత కోసమే. నాణ్యతా పరీక్షకు అది మొదటి మెట్టు వంటిది.

సీసా మీది అంకె

జిల్లా ఆసుపత్రి మరణాల దగ్గరకు మళ్ళీ రావలసి ఉన్నది. ఎందుకంటే ఈ పరీక్షల బలమూ, బలహీనతా రెండూ అక్కడ కనబడతాయి.

కంపెనీలో చెడిపోయి వచ్చిన సీసాను కాన్పుగది శుభ్రత ఆపలేదు. చేతులు ఎన్ని సార్లు కడిగినా, ఫ్రిజ్ ఎంత బాగా నడిచినా, మూత తీయని సీసాలో విషం ఉంటే నర్సుకు కనబడదు. మందు కొనే సంస్థ, దానిని పరీక్షించే ప్రయోగశాల, కొనుగోలును అనుమతించే అధికారి, వీరందరూ ఆసుపత్రి గోడలకు బయట ఉన్నవారు. ఆ ద్రవం విషయంలో రాష్ట్ర ప్రయోగశాల, కేంద్ర ప్రయోగశాల నివేదికలు ఒకదానితో ఒకటి పొసగలేదని ప్రభుత్వమే చెప్పింది. కనుక ఆసుపత్రికి గుర్తింపు పత్రం ఉంటే ఆ తల్లులు బ్రతికేవారని అనడం బాధ్యతలేని మాట.

అయితే నాణ్యతా పద్ధతి మరొక పని చేయగలదు. మొదటి రోగికి మూత్రం ఆగిపోయినప్పుడు, రెండవ రోగికి అదే జరిగినప్పుడు, ఇద్దరికీ సామాన్యమైనది ఏమిటని అడిగే అలవాటు నేర్పగలదు. ప్రతి సీసా మీద బ్యాచ్ నంబరు అనే అంకె ఉంటుంది. ఏ రోగికి ఏ బ్యాచ్ సీసా ఎక్కించారో కేసుషీటులో వ్రాసి ఉంటే రెండు షీట్లు పక్కపక్కన పెట్టగానే అనుమానం పుడుతుంది. మూడవ సీసా గోడౌనులోనే ఆగిపోతుంది. వ్రాసి లేకపోతే ఖాళీ సీసాలు ఏరుకొనవలసి వస్తుంది. మందు వికటించిన ప్రతి సందర్భాన్నీ నివేదించడం, ప్రతి తల్లి మరణాన్నీ సమీక్షించడం ప్రమాణాలలో ఉన్న అంశాలే. నిందించడానికి కాదు, వెదకడానికి సమీక్ష. ఆ తేడా తెలియని చోట సిబ్బంది భయపడి కాగితాలు సరిచేసుకొంటారు. అప్పుడు రిజిస్టరు అందంగా ఉంటుంది, నిజం మాత్రం దానిలో ఉండదు.

2018–20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు కర్ణాటకలో 69 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు మరణించారు. దేశపు సగటు 97, కేరళలో 19. కర్ణాటక దేశపు సగటుకన్న మెరుగే. కాని గట్టుకు అవతల పొలంలో పంట ఎక్కువ వస్తే రైతు కారణం వెదకడా?

సరిహద్దు దాటిన కాగితం

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. గీత పటంమీద పడింది గాని వియ్యాలు, సంతలు, కాన్పులు ఆగలేదు. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆచారం వలన కర్ణాటకలో పేరు నమోదైన గర్భిణి ఆంధ్రలో ప్రసవించడం, ఆంధ్ర కోడలు బళ్ళారి వైపు పుట్టింట ప్రసవించడం ఇక్కడ నిత్యం జరిగేదే. ఆమె చేతిలో ఉన్నది ఇక్కడ తాయి కార్డు, అక్కడ తల్లీబిడ్డల కార్డు. రక్తం గుంపు ఏది, రక్తపుపోటు ఎంత, మొదటి కాన్పులో ఆపరేషను అయినదా లేదా, ఇవన్నీ ఆ కార్డులోనే ఉండాలి. కార్డు ఇంట్లో మరచి బండి ఎక్కితే కొత్త ఆసుపత్రి వైద్యునికి ఆమె చదవని పుస్తకం.

పథకాలు రాష్ట్రానికి ఒకటి. ఆసుపత్రి సేవల ఉచిత కార్డులు సరిహద్దు దగ్గర ఎంత తికమక పెడతాయో అనుభవించినవారికి తెలుసు. నాణ్యతా ప్రమాణాలు మాత్రం దేశమంతటికీ ఒకటే. మొలకాల్మూరు కేంద్రానికి అడిగే ప్రశ్నే డి.హీరేహాళ్ కేంద్రానికీ అడుగుతారు. సరిహద్దు కుటుంబానికి ఇది చిన్న లాభం కాదు. రెండు రాష్ట్రాల ఆసుపత్రులను ఒకే కొలతతో పోల్చుకొనే అవకాశం ఇంతకుముందు లేదు.

ఆ ప్రశ్నలలో భాష కూడ ఒకటి. రోగికి అర్థమయ్యే భాషలో బోర్డులు, సేవల వివరాలు ఉండాలని ప్రమాణం చెబుతుంది. ఆపరేషనుకు ముందు సంతకం తీసుకొనే అంగీకార పత్రంలోని విషయం రోగికి తెలియాలని చెబుతుంది. కన్నడలో అచ్చైన పత్రం మీద తెలుగు మాత్రమే చదవగల తల్లి వేలిముద్ర వేస్తే అది అంగీకారం అవుతుందా? చట్టం మాట ఎట్లా ఉన్నా, పరీక్షకుడు ఆమెను "ఏమి ఆపరేషను చేస్తున్నారో చెప్పారా అమ్మా?" అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపవచ్చును. బళ్ళారి ఆసుపత్రులలో తెలుగు మాట్లాడే నర్సులకు, ఆయాలకు కొరత లేదు. చదివి వినిపించమని అడగడమే మిగిలింది.

భవనానికి పరీక్ష సరే, శాఖకో?

ఇక్కడ ఒక లోటు చెప్పాలి. మన దేశంలో మార్కులు పడేవి ఆసుపత్రులకు, కేంద్రాలకు. ఆరోగ్యశాఖ అనే యంత్రాంగానికి, అనగా జిల్లా ఆరోగ్యాధికారి కార్యాలయం, అంటురోగాల నిఘా, తాగునీటి పరీక్ష, వీటికి అటువంటి బహిరంగ పరీక్ష లేదు. 2022 మే చివర, జూన్ మొదట్లో పొరుగున ఉన్న రాయచూరు పట్టణంలో కలుషితమైన కుళాయి నీరు తాగి అనేకులు జబ్బుపడ్డారు, కొందరు మరణించారు. ఆసుపత్రి ఎంత బాగున్నా వారి రోగం ఆసుపత్రిలో పుట్టలేదు. కుళాయిలో పుట్టింది.

అమెరికాలో ఈ లోటు తీర్చడానికి 2007లో ప్రజారోగ్య గుర్తింపు మండలి ఏర్పడింది. 2011లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టి, 2013 ఫిబ్రవరిలో మొదటి 11 ఆరోగ్యశాఖలకు గుర్తింపు ఇచ్చింది. అక్కడా ఇది స్వచ్ఛందమే. గుర్తింపు కాలం ఐదేళ్ళు. దరఖాస్తు చేసే శాఖ ముందుగా తన ప్రాంతపు ప్రజల ఆరోగ్యం ఎట్లా ఉన్నదో ప్రజలతో కలిసి లెక్క తీయాలి, బాగుచేయడానికి ప్రణాళిక వ్రాయాలి. 2016లో చెరోకీ అనే ఆదివాసి జాతివారి ఆరోగ్యశాఖ ఈ గుర్తింపు పొందిన మొదటి ఆదివాసి శాఖ అయింది. పేదవారి శాఖలు, చిన్న శాఖలు ఇటువంటి పరీక్షకు నిలవలేవనే మాట అంతటితో పోయింది.

బళ్ళారికి డబ్బు అడ్డంకి అనడం కష్టం. గనుల తవ్వకం వలన నష్టపోయిన ప్రాంతాలకోసం 2015 నుండి జిల్లా ఖనిజ నిధి ఉన్నది. ఆ సంవత్సరపు మార్గదర్శకాల ప్రకారం దానిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి ముఖ్య రంగాలకు ఖర్చుచేయాలి. భవనం కట్టడం, యంత్రం కొనడం సులభం. వాటికి ప్రారంభోత్సవం ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రెండు పూటలా వ్రాసే నర్సమ్మకు ఏ ప్రారంభోత్సవమూ లేదు.

సున్నం వాసన

పరీక్షకు ముందు రోజు సున్నం వాసన రావడం ఈ దేశపు పాత రోగం. పరీక్షకులు వస్తున్నారని తెలియగానే కొత్త దుప్పట్లు పరచడం, పాత తేదీలతో రిజిస్టర్లు నింపడం, రోగులకు సమాధానాలు నేర్పడం జరగవచ్చును. స్వచ్ఛందమైన పరీక్షలో మరొక చిక్కు కూడ ఉన్నది. బాగా నడిచే కేంద్రమే ముందుకు వస్తుంది. అన్నిటికన్న అవసరమైనది వెనుకనే నిలుస్తుంది. ఒక్క స్టాఫ్ నర్సుతో రాత్రింబవళ్ళు నడిచే ప్రాథమిక కేంద్రంలో అదనపు రిజిస్టరు అంటే ఆమె నిద్రలోంచి తీసుకొన్న గంటే. ఉద్యోగాలు ఖాళీగా ఉంచి ప్రమాణాలు అడగడం ఎద్దులు లేని బండిని తోలమనడమే.

ప్రోత్సాహకం లేకపోలేదు. గుర్తింపు పొందిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏడాదికి 3 లక్షల రూపాయల చొప్పున మూడేళ్ళు, పెద్ద ఆసుపత్రులకు పడకకు 10,000 రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు ఉన్నది. ఇందులో నాలుగవ వంతు సిబ్బందికి, మిగిలినది కేంద్రం బాగుకు. ఆ సొమ్ము ఏమైనదని అడిగే హక్కు ఊరికి ఉన్నది. అడగవలసిన చోటు కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి, ఆంధ్రలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం. పంచాయతీవారు, ఊరి పెద్దలు కూర్చొనే సభలివి. మన ఊరి కేంద్రం పరీక్షకు దరఖాస్తు పెట్టినదా, పెడితే ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ అంశాలలో సున్నా పడింది అని ఒక సభ్యుడు ఆ సభలో అడిగితే, సమాధానం సభ పుస్తకంలో వ్రాయక తప్పదు. 70 వచ్చినదా అన్న ప్రశ్నకంటె సున్నాలు ఎక్కడ పడ్డాయన్న ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

కాన్పుకు వెళ్ళే కుటుంబం చేయగలిగినదీ కొంత ఉన్నది. కార్డు మరవకుండా తీసుకొనిపోవాలి. ఎక్కించే సీసా మీది పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కాగితం మీద వ్రాసుకోవాలి, లేదా సెల్‌ఫోనులో ఫోటో తీసుకోవాలి. సిబ్బందితో గొడవ అవసరం లేదు. "కార్డులో వ్రాసుకొంటామమ్మా, సీసా ఒకసారి చూపండి" అంటే చాలును. చలి, వణుకు, దద్దుర్లు, మూత్రం రాకపోవడం కనబడితే వెంటనే నర్సమ్మకు చెప్పి, చెప్పిన గంట కూడ వ్రాసుకోవాలి. పరీక్షకులు వచ్చి అడిగితే భయంకొద్దీ "అంతా బాగుంది" అనకుండా జరిగినది జరిగినట్లు చెప్పాలి. వారికి కావలసినది ఆ మాటే.

మందు వికటించిందని తెలియజేయడం వైద్యుల పని మాత్రమే కాదు. ఘజియాబాదులోని భారత ఔషధ సంహిత కమిషను నడిపే మందుల భద్రతా నిఘా కార్యక్రమానికి రోగి గాని, రోగి ఇంటివారు గాని నేరుగా తెలుపవచ్చును. దానికోసం ఒక ఫారం ఉన్నది. అది తెలుగులోనూ ఉన్నది, కన్నడంలోనూ ఉన్నది. వ్రాయడం కష్టమైతే ఉచిత టెలిఫోను 1800 180 3024. ఫోను చేసినప్పుడు వారు అడిగే వివరాలలో మందు పేరుతో పాటు సీసా మీది బ్యాచ్ నంబరు కూడ ఉంటుంది.